సౌకర్యము – ఋణము

తెల్లవారుజామున నిద్రలేచిన ఒక సామాన్య గృహస్థు సూర్యోదయమునకు లోపుగా చేయు పనులను లెక్కించి చూచినచో ఆశ్చర్యము కలుగును. మీట నొక్కగానే గది వెలుగుతో నిండును. కుళాయి త్రిప్పగానే నీరు వచ్చును. పుల్ల గీయగానే దేవుని ముందర దీపము వెలుగును. పొయ్యిమీద పాలు కాగుచుండగా, దూరదేశమున నున్న కుమారుని క్షేమవార్త చేతిలోని ఫోనునకు చేరియుండును. వీనిలో కొన్ని అతని ముత్తవ్వకు పూటపూటయు చేయవలసిన శ్రమ. మరికొన్ని ఆ కాలపు రాజులకు సైతము దొరకనివి. అయినను ఇన్నింటిని పొందినవాని మనస్సున కృతజ్ఞత యను భావము క్షణమాత్రమైనను మెదలదు. విద్యుత్తు పావుగంట నిలిచిపోయినప్పుడు మాత్రము అతడు దానిని తలచుకొనును; అదియు దూషించుటకే.

ఇది ఆ గృహస్థు దుష్టత్వము వలన కలిగినది కాదు. మనస్సు స్వభావమే అట్టిది. పన్ను ఊడినచోటికే నాలుక మాటిమాటికి పోవునట్లు, మనస్సును ఉన్నదానిని విడిచి లేనిదానినే తడవుచుండును. కాని స్వభావమైనంత మాత్రమున ఏదియు ధర్మము కానేరదు. పూర్వులకు లేని సుఖసాధనములు సమృద్ధిగా గల నేటి మానవుడు వానిని ఎట్టి దృష్టితో అనుభవించుట యుక్తమను ప్రశ్న విచారింపదగియున్నది.

ఈ విషయమున లోకమున రెండు వాదములు వినవచ్చుచుండును. పూర్వకాలమే స్వర్ణయుగమనియు, యంత్రములు వచ్చి మానవుని సోమరిగను, ఆశాపరునిగను గావించినవనియు ఒకరందురు. పూర్వులు చీకటిలోను మూఢవిశ్వాసములలోను మ్రగ్గిరనియు, జీవితమనదగినది విద్యుద్దీపముతోనే ఆరంభమైనదనియు మరియొకరందురు. ఈ రెండింటికి తోడు మూడవది యొకటి కలదు. అది వాదము కాదు, ఉపేక్ష. వచ్చినదానిని వాడుకొనుట, రానిదానికి గొణగుకొనుట దాని లక్షణము. జనులలో పెక్కుమంది ఈ మూడవ తెగవారే. మొదటి రెండు వాదములను పరిశీలించి చూచినచో, ఈ మూడవదియే అన్నింటికంటె ప్రమాదకరమని తేలును.

ఎవరికి స్వర్ణయుగము?

“కాశికి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే” యను సామెత తెలుగునాట ఊరక పుట్టలేదు. మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా ఉన్నతోద్యోగము చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు నెలలో ఇల్లు చేరెను. పదునైదు నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణమున అతని వెంట సుమారు నూరుమంది పరివారము నడచెను. ఏ మజిలీలో మంచినీరు దొరకును, ఏ ఊరిలో బియ్యము దొరకును, ఏ దారి సుగమము, ఏ దారి దుర్గమము అను వివరములను అతడు ‘కాశీయాత్ర చరిత్ర’ యందు వ్రాసియుంచెను. అంతటి ధనవంతునికి, అంతటి పలుకుబడి కలవానికి అది జీవితమున ఒక మహాకార్యము. నేడు అతని ఐశ్వర్యమున సహస్రాంశమైనను లేని కూలి తన ముసలితల్లిని రైలులో కూర్చుండబెట్టుకొని, మదరాసునుండి రెండు దినములలోపల కాశి చేరి, ఆమెచేత గంగాస్నానము చేయించి తిరిగి తీసికొనిరాగలడు. దక్షిణదేశమున మొదటి రైలు 1856లో రాయపురమునుండి కదలినప్పుడు, అది ఇట్టి ముసలితల్లులకు కాశి ద్వారము తెరచుచున్నదని ఎవరు తలచిరి?

ఆ యాత్రయందు గమనింపదగినది మరియొకటి కలదు. త్రోవ ఎంత కష్టమైనను దొరగారికి పల్లకి కలదు. మోసిన బోయీలకు పల్లకి లేదు. పూర్వకాలమున సౌకర్యములు లేకపోలేదు. అవి తోటిమానవుల భుజములపై నడచినవి. గ్రామజీవనము విషయమును ఇట్టిదే. పాతరోజులను తలచి నిట్టూర్చువారు సాధారణముగా అరుగుమీద కూర్చుండి నిట్టూర్తురు. బావిగట్టున చేదత్రాడు పట్టుకొని నిలిచినవారు అట్లు నిట్టూర్చుట అరుదు. తిరుగలి, రోకలి, నీళ్లకడవ – ఈ మూడింటి నడుమనే ఎన్ని తరముల స్త్రీల యౌవనము గడచిపోయెనో లెక్కించినవారు లేరు. ఆ బావిని తాకుటకే అనుమతి లేనివారు ఎవరో ఒకరు దయతలచి నీరు పోయువరకు కుండతో నిరీక్షించిరి. కుళాయి ఎవరి కులమును అడుగదు. దానివద్ద నిలిచి కులము అడిగినవారు మానవులే.

మృత్యువు మాట మరింత దారుణము. ఇరువదవ శతాబ్దారంభమున ఈ దేశమున జన్మించిన శిశువు సగటు ఆయుర్దాయము 25 సంవత్సరములైనను లేదు. నేడది 70 సంవత్సరముల సమీపమునకు చేరినది. 1971లో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది ఏడాది నిండకమునుపే మరణించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గెను. మశూచిని తెలుగువారు ‘అమ్మవారు’ అని పిలిచిరి. పేరు పలుకుటకే అంతటి భయము. 1796లో ఇంగ్లండున ఎడ్వర్డు జెన్నరు కనుగొన్న టీకా 1802లో బొంబాయి చేరినది. అటుతరువాత నూట డెబ్బది సంవత్సరములకు పైగా ఊరూర తిరిగిన టీకాలవారి శ్రమచేత 1975లో భారతదేశమునుండియు, 1980 నాటికి ప్రపంచమునుండియు ఆ వ్యాధి అంతరించెను. పది కాన్పులలో నలుగురు బిడ్డలు మిగిలిన తల్లికి స్వర్ణయుగమను మాట చెప్పి ఒప్పింపగలవాడెవడు?

పూర్వులను చిన్నచూపు చూచుట

అట్లని రెండవ వాదము నిలుచునా? అదియు నిలువదు. పూర్వులు సౌకర్యములను నిరసించి కష్టమును ఆరాధించినవారు కారు. నూరు శరత్తులు జీవింపవలెనని, వర్షము సకాలమున కురియవలెనని, ఆవులు పాలు సమృద్ధిగా ఈయవలెనని వారు ప్రార్థించిరి. బావి త్రవ్వించుట, చెరువు కట్టించుట, త్రోవవెంట చెట్లు నాటించుట ‘పూర్తము’ అను పేర యజ్ఞముతో సమానముగా ఎన్నబడినవి. తెలుగువారి సప్తసంతానములలో పుత్రునితోపాటు తటాకమును, వనమును లెక్కకు వచ్చినవి. చెరువును కన్నబిడ్డతో సమానము చేసిన జాతి నీటి సౌకర్యము విలువ ఎరుగనిదని చెప్పుట సాహసము.

రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మింపజేసెను. 2021లో ఆ దేవాలయము ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినప్పుడు దేశమంతయు సంతోషించినది. దానికి సమీపముననే ఆ కాకతీయుల కాలపు చెరువు కలదు. ఏడువందల సంవత్సరములు దాటినను ఆ చెరువునీరు నేటికిని పొలములకు పారుచున్నది. గట్టుపై మట్టితట్టలు మోసినవారిలో ఒక్కని పేరైనను శాసనములకు ఎక్కలేదు. తాము ఎన్నడును చూడబోని మనుమల పొలములు తడియుటకై వారు మోసిరి. సౌకర్యమనునది ఆధునికుల సొత్తు కాదు. ఒక తరము మరియొక తరమునకు ఇచ్చుచు వచ్చిన దానము. దానము పుచ్చుకొన్నవాడు దాతను అజ్ఞానియని పరిహసించుట ఏ ధర్మమున కలదు?

తాపత్రయమునకు మందు

సౌకర్యములు మానవునికి ఏమి ఇచ్చును, ఏమి ఈయజాలవు అనునది తరువాతి విచారణ. పూర్వాచార్యులు దుఃఖమును మూడు విధములుగా విభజించిరి. పాములు, క్రూరమృగములు, శత్రువులు మొదలగు వానివలన కలుగునది ఆధిభౌతికము. గాలి, వాన, పిడుగు మొదలగు వానివలన కలుగునది ఆధిదైవికము. తన దేహమనస్సులయందే పుట్టునది ఆధ్యాత్మికము. ఈ విభజనతో చూచినచో నేటి సాధనముల గొప్పతనమును, పరిమితియు రెండును స్పష్టమగును.

ఆధిదైవికమును తీసికొనుడు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో పదివేలకు పైగా జనులు మరణించిరి. 1999లో ఒడిశా తీరమును తాకిన మహాతుపానులోను ఇంచుమించు అంతటి జననష్టము కలిగెను. ఆ ఒడిశా తీరమునకే 2013లో ‘ఫైలిన్’ అను భయంకరమైన తుపాను వచ్చినప్పుడు, ఉపగ్రహములు ముందుగా చూపిన త్రోవనుబట్టి లక్షలాది జనులను ఆశ్రయములకు తరలింపగా, మృతులు పదుల సంఖ్యకు మించలేదు. మునుపు దైవనిర్ణయమనుకొన్న దానిలో ఎంతభాగము మానవుని అజ్ఞానమో దీనివలన తెలియుచున్నది. దీనిని చూచియు యంత్రవిద్యను నిందించువాడు తత్త్వవేత్త కాడు; అతనికి దయయే కొరవడినది.

కాని మూడవ తాపము సంగతి వేరు. విసనకఱ్ఱతో తృప్తిపడినవానికి పంకా వచ్చెను. పంకాతో తృప్తిపడినవానికి గదిని చల్లబరచు యంత్రము వచ్చెను. ప్రతిపర్యాయము సుఖము కొన్నాళ్లు నిలిచి, పిదప అలవాటుగా మారెను, అలవాటు అవసరమాయెను, అవసరము తీరనినాడు దుఃఖమాయెను. నిన్న లేకున్నను బాధింపనిది నేడు లేకున్న బాధించుచున్నది. అసూయకు, భయమునకు, ఒంటరితనమునకు, మరణచింతకు ఏ అంగడిలోను యంత్రము దొరకదు. సాంఖ్యులు తమ శాస్త్రారంభముననే, లౌకికోపాయములు దుఃఖమును నిశ్చయముగను శాశ్వతముగను తొలగింపజాలవని హెచ్చరించిరి. వారు లౌకికోపాయములు వ్యర్థములని చెప్పలేదని గుర్తుంచుకొనవలెను. జ్వరము వచ్చినవానికి మందు కావలయును; మందు పుచ్చుకొన్నంత మాత్రమున జీవితమునకు అర్థము దొరకదు. ఈ రెండు మాటలును నిజములే. రెండవది చెప్పి మొదటిదానిని కాదనుట, మొదటిది చెప్పి రెండవదానిని కాదనుట – ఇవియే పైన చెప్పిన రెండు వాదముల లోపములు.

కానరాని చేతులు

ఇక ఉపేక్ష విషయము. ఇది ఏల ప్రమాదకరమో ఒక అగ్గిపుల్ల చాలును తెలిసికొనుటకు.

యజ్ఞములలో అరణి మథించి అగ్నిని పుట్టించిరి. గృహములలో చెకుముకిరాయి కొట్టి, దూదిపై నిప్పు రాజేసిరి. రాత్రి పొయ్యిలో నివురు కప్పి కాపాడిన నిప్పు ఆరిపోయినచో, ఇల్లాలు తెల్లవారుజామున పొరుగింటికి పోయి పిడకమీద నిప్పు అడిగి తెచ్చుకొనెను. ఇందు కష్టము కలదు. కాని ఒక ఎరుకయు కలదు. తన పొయ్యి వెలుగుటకు కారణమైన చేయి ఎవరిదో ఆమెకు తెలియును. రేపు ఆ పొరుగామెకు నిప్పు ఈయవలసిన బాధ్యతయు తెలియును.

1827లో ఇంగ్లండున జాన్ వాకరు అను మందుల వర్తకుడు రాపిడిచే మండు పుల్లలను విక్రయింపసాగెను. కొలదికాలములోనే వాని తయారీలో తెల్లభాస్వరము ప్రవేశించెను. దాని ఆవిరి పీల్చుచు పనిచేసినవారికి దవడయెముక కుళ్లిపోయెడిది. పుల్లలు చౌక, లోకమంతయు వాడినది. 1888లో లండను నగరమున ఒక అగ్గిపుల్లల కర్మాగారమునందలి స్త్రీలును బాలికలును తమ దుర్భర స్థితిని సహింపలేక సమ్మెచేసిరి. 1906లో బెర్నునగరమున కొన్ని దేశములు తెల్లభాస్వరమును నిషేధించుటకు ఒడంబడిక చేసికొనిరి. మన దేశమున 1920 తరువాత శివకాశి ఈ పరిశ్రమకు కేంద్రమాయెను. పెక్కుదశాబ్దములు అచ్చట బడికి పోవలసిన బాలబాలికలు పుల్లలు పేర్చి, పెట్టెలు అతికించిరి. 1996లో సుప్రీముకోర్టు ఆ పరిశ్రమల వ్యాజ్యమున తీర్పుచెప్పుచు, ప్రమాదకరమైన పనులలో బాలలను నియమించిన యజమాని ఒక్కొక్క బాలునికి 20,000 రూపాయల చొప్పున చెల్లింపవలెనని ఆదేశించెను. అంతవరకు ఎన్ని పూజాగృహములలో ఆ చిన్నివ్రేళ్లు పేర్చిన పుల్లతో దీపము వెలిగినదో! వెలిగించినవారు భక్తులే, క్రూరులు కారు. వారికి ఆ వ్రేళ్లు కానరాలేదు, అంతియే.

విద్యుత్తు కథయు ఇట్టిదే. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు నూరింటికి పైబడిన గ్రామములు ముంపునకు గురియై, ఇంచుమించు లక్షమంది జనులు పుట్టినచోటు విడిచిపోయిరి. కృష్ణా తుంగభద్రల కూడలియందలి సంగమేశ్వరాలయమును రాయి వెంట రాయి విప్పి, గుర్తులు వేసి, అలంపురమునకు తరలించి తిరిగి నిర్మించిరి. అది మెచ్చదగిన పనియే. కాని ఆలయమునకు చూపిన ఆ ఓర్పులో సగమైనను ఆ గ్రామములలోని మట్టిగోడలయిండ్లవారికి దక్కినదా యను ప్రశ్న, ఆ జలాశయపు విద్యుత్తుతో దీపము వెలిగించుకొను ప్రతి గృహమునకును చెందును.

అన్నింటికంటె సిగ్గుపడదగినది మురుగుకాలువ. ఇంటిలోని మలినము మీట నొక్కగానే మాయమగుట నేటి సౌకర్యములలో మిక్కిలి గొప్పది. రోగములను తగ్గించుటలో దానికి సాటియైనవి కొన్నియే. కాని మాయమైనది ఎచ్చటికో పోవలెను గదా. అది పూడినప్పుడు ఒక మానవుడు నడుమునకు త్రాడు కట్టుకొని ఆ గుంతలోనికి దిగును. మానవునిచేత మలము ఎత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, దానిని విస్తరించి 2013లో మరియొక చట్టము వచ్చెను. గుంతలో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలు ఈయవలెనని 2014లోను, దానిని 30 లక్షలకు పెంచుచు 2023లోను సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆ ఆదేశములు మరల ఈయవలసివచ్చుటయే మరణములు ఆగలేదనుటకు సాక్ష్యము. ఇట్టి పని చేసినవానిని పూర్వసమాజము చూచెను, చూచి అంటరానివాడని దూరముగా నిలిపెను, అది మహాపాపము. నేటి సమాజము అతనిని చూడనే చూడదు. ఇది ఆ పాపమునకు ప్రాయశ్చిత్తము కాదు. దాని మరియొక రూపము.

వెల వేరు, ఋణము వేరు

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. “ప్రతిదానికిని వెల చెల్లించుచునే ఉన్నాము గదా! కుళాయికి పన్ను, దీపమునకు బిల్లు, రైలుకు టిక్కెట్టు, అగ్గిపెట్టెకు ధర. ఇచ్చినవాడు ఊరక ఈయలేదు. పుచ్చుకొన్నవాడు ఊరక పుచ్చుకొనలేదు. ఇక ఋణమెక్కడిది?”

ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. నేటి లోకవ్యవహారమంతయు దీనిపైననే నిలిచియున్నది. సమాధానము మూడు విధములుగా చెప్పవచ్చును.

మొదటిది: వెల చివరి చేతికి మాత్రమే ముట్టును. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. అతని సోదరులిద్దరు సంగ్రహణి వ్యాధిచేత మరణించిరి. అతడు అమెరికా చేరి, కీర్తికి దూరముగా ప్రయోగశాలలో శ్రమించి, ఆ వ్యాధి చికిత్సకు ఉపకరించు ఫోలిక్ ఆమ్లమును 1945లో తన సహచరులతో కూడి కృత్రిమముగా తయారుచేసెను. బోదకాలు వ్యాధికి నేటికిని ఊరూర పంచిపెట్టు మాత్ర అతని ఆధ్వర్యమున వెలువడినదే. 1948లో అతడు మరణించెను. మందుల అంగడిలో బిల్లు చెల్లించువాడు ఆ సోదరశోకమునకు, ఆ నిద్రలేని రాత్రులకు ఏమి చెల్లించుచున్నాడు? ఆ మొత్తము వ్రాయుటకు బిల్లులో పంక్తియే లేదు.

రెండవది: వెల న్యాయమునుబట్టి ఏర్పడదు, ఎక్కువగా అవతలివాని నిస్సహాయతనుబట్టి ఏర్పడును. గుంతలో దిగువాడు ఆ కూలికి ఒప్పుకొన్నాడనుట నిజమే. మరియొక మార్గము లేక ఒప్పుకొన్నాడు. ఆకలితో చేసిన అంగీకారమును చూపి ఋణము తీరినదని చెప్పుట ధర్మశాస్త్రమునకు కాని, సామాన్యుని అంతరాత్మకు కాని సమ్మతము కాదు.

మూడవది: అన్నింటికి మూలమైనది అమ్మకమునకు వచ్చినది కాదు. బిల్లు నీటిని తెచ్చిన గొట్టమునకే గాని వర్షమునకు కాదు. బొగ్గును త్రవ్వినవానికి కూలి ముట్టినది. కోట్ల సంవత్సరములు ఆ బొగ్గును పక్వముచేసిన భూమికి ఏమియు ముట్టలేదు. గీత మూడవ అధ్యాయమున చెప్పబడిన యజ్ఞచక్రము ఈ సత్యముపైననే తిరుగుచున్నది. తనకు లభించినదానిని అనుభవించి తిరిగి ఏమియు ఈయనివానిని ఆ గ్రంథము దొంగయని పిలుచుటకు సంకోచింపలేదు.

“అట్లైనచో ఈ ఋణము ఎన్నటికిని తీరదు గదా, తీరని ఋణమును తలచి ప్రయోజనమేమి?” అని మరల అడుగవచ్చును. తల్లిదండ్రుల ఋణమును తీరునది కాదు. అయినను దానిని ఒప్పుకొనువాడు పుత్రుడు, ఒప్పుకొననివాడు కృతఘ్నుడు. ఆ ఋణమును వెనుకకు తీర్చుటకు వీలులేదు. ముందుకు, తన బిడ్డలకు తీర్చుటయే లోకమర్యాద. సౌకర్యముల ఋణమును అట్లే.

ఋణము తీర్చు మార్గము

పూర్వులు గృహస్థునకు ఐదు మహాయజ్ఞములను నిత్యకృత్యములుగా విధించిరి: ఋషులకు, దేవతలకు, పితరులకు, మనుష్యులకు, సమస్తభూతములకు. కొత్త ధర్మమును కల్పింపవలసిన అవసరము లేకయే నేటి ఋణములన్నియు ఈ ఐదింటిలో ఇమిడిపోవును.

జ్ఞానమును ఆర్జించి ఇచ్చినవారందరును ఋషిస్థానమున నున్నవారే. వారి ఋణము అధ్యయనముచేతనే తీరును. తన ఇంటికి నీరు ఏ నదినుండి, ఎవరి శ్రమచేత వచ్చుచున్నదో, తన బిడ్డకు వేసిన టీకా వెనుక ఎవరి జీవితములు కలవో తెలిసికొని, ఆ బిడ్డకే చెప్పుట ఒక స్వాధ్యాయము. గోదావరి తీరమున కొందరు పండితులు స్నానసంకల్పమున ధవళేశ్వరము ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్ దొరను స్మరించుకొనిరని చెప్పుకొందురు. అన్యదేశీయుని, అన్యమతస్థుని పుణ్యస్నానవేళ తలచుకొన్న ఆ హృదయము ఉదారమైనది. ఆ స్మరణ ఆనకట్టకు రాళ్లెత్తిన వేలాది కూలీలవరకు విస్తరించినచో అది సంపూర్ణమగును.

మనుష్యఋణము మర్యాదచేతను, న్యాయమైన కూలిచేతను తీరును. చెత్త తీసికొనిపోవువానిని పేరుపెట్టి పిలుచుట, గుంతలోనికి మానవుని దింపుటకు తాను ఒప్పుకొనక యంత్రమును పిలిపించుట, అందుకు అయ్యెడి అధికవ్యయమును గొణగక భరించుట – ఇవి చిన్నపనులవలె తోచును. కాని స్తోత్రపాఠముకంటె కష్టమైనవి.

దేవఋణ, భూతఋణములు మితముచేత తీరును. ప్రపంచమున వాడబడుచున్న భూగర్భజలములో ఇంచుమించు నాలుగవ వంతు భారతదేశమే తోడుకొనుచున్నది. మోటబావులతో పండిన పొలములున్న రాయలసీమలో నేడు వేయి అడుగులు త్రవ్వినను చుక్క పడని బోరుబావులు కలవు. చేదతో తోడినవానికి ప్రతి కడవ బరువును భుజము చెప్పెను. మీట నొక్కినవానికి ఆ బరువు తెలియదు. యంత్రము భుజముబాధను తొలగించినది, మంచిదే. ఆ భుజము నేర్పిన మితమును ఇప్పుడు బుద్ధి నేర్చుకొనవలసియున్నది.

అన్నింటికంటె పెద్ద ఋణము కాలవిషయమున కలదు. సౌకర్యములు ఇచ్చిన నిజమైన సంపద విశ్రాంతియే. పూర్వకాలమున ఒకడు నిశ్చింతగా శ్రవణ మననములు చేయవలెనన్నచో మరియొకరు అతనికొరకు నీరు తేవలసివచ్చెను, ధాన్యము దంపవలసివచ్చెను. తీరిక కొందరి భాగ్యము. వారి తీరికకు మూల్యము ఇతరుల, ముఖ్యముగా స్త్రీల, శ్రమ. నేడు ఒక సామాన్యమైన ఇల్లాలికి సైతము దినమునకు ఒక గంట తనదైన కాలము దొరకుట సాధ్యమైనది. చరిత్రలో ఇది అల్పమైన విషయము కాదు. ఆ గంట చేతిలోని చిన్న తెరపై పరుల కలహములను, పరుల వైభవములను చూచుటలోనే కరగిపోయినచో, తరతరముల తల్లులు మోసిన కడవల బరువు వ్యర్థమైనట్లే. ఆ గంటలో ఒక మంచి గ్రంథము, ఒక మౌనధ్యానము, ఒక పొరుగు రోగికి పరామర్శ చేరినచో ఆ తల్లుల శ్రమ సార్థకమైనట్లే. యంత్రము కాలమును మాత్రమే ఈయగలదు. ఆ కాలముతో ఏమి చేయవలెనో అది చెప్పజాలదు.

చివరకు మిగులునది పంచుకొనుట. 2019లో జలజీవన్ పథకము ఆరంభమైననాడు గ్రామములలో ఇంటికుళాయి గల కుటుంబములు ఐదవ వంతైనను లేవు. అటుపిమ్మట కోట్లాది గృహములకు గొట్టములు చేరినవి. ఇంకను చేరని గృహములు కలవు, గొట్టము చేరియు నీరు రాని గృహములును కలవు. తనకు లభించినది పొరుగువానికి లభించువరకు నిలిచి పాటుపడుటయే కృతజ్ఞతకు పరిపక్వమైన రూపము. తాను పొందినందుకు భగవంతునికి నమస్కరించి అంతటితో ఆగిపోవుభక్తి సగము దూరమే నడచినది.

పూర్వులను గూర్చి నేటివారు తీర్పుచెప్పుచున్నారు. కాలచక్రము ఆగదు, నేటివారును ఒకనాటికి పూర్వులగుదురు. నాడు పుట్టబోవువారు ఈ కాలపు దీపములను, రథములను, యంత్రములను చూచి బహుశః నవ్వుకొందురు. వారికి అంతకంటె మేలైనవి ఉండును. వారు వెదకునది మరియొకటి. బావులలో నీరు మిగిల్చిపోయిరా, గాలిని శుభ్రముగా విడిచిపోయిరా, తమ సుఖముకొరకు ఎవరిని గుంతలోనికి దింపిరి, ఎవరిని పైకి తీసిరి – ఈ లెక్కయే వారు చూతురు. రామప్ప చెరువుగట్టుపై మట్టి మోసిన అజ్ఞాతులు ఆ లెక్కలో ఉత్తీర్ణులైరి. వారు కట్టిన గట్టు నేటికిని నిలిచియున్నది; దానివెనుక నీరును ఉన్నది.